ప్రతిభా వేతనములు - పంచాయతీ సభ్యులు చేయదగిన పని

అనంతపురమునకు ఉత్తరముగా, హైదరాబాదు - బెంగుళూరు రహదారి మీద గార్లదిన్నె యున్నది. ఈ మండలములోని పెనకచెర్లవద్ద మధ్య పెన్నా జలాశయము కలదు. తుంగభద్ర ఎగువ కాలువ నీరు దానిలోనికి చేరుచుండును. ఆ నీటి అందుబాటులో నున్న పొలములు కొన్ని. వానకై ఆకాశమువైపు చూచు మెట్టచేలు అనేకములు. జిల్లాలో సంవత్సరమునకు కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి మేఘములు పడమటి కనుమలు దాటి వచ్చునప్పటికి బలహీనపడును. ఈశాన్య మేఘములు తూర్పు తీరమునందే చాలవరకు కురిసి, ఇంత దూరము వచ్చునప్పటికి తేలిపోవును. వేరుసెనగ విత్తిన రైతు పాత అప్పు తీర్చునో, క్రొత్త అప్పు చేయునో ఆ కొద్దిపాటి వానలే నిర్ణయించును.

ఇట్టి యొక మెట్టరైతు ఇంట కుమార్తె ఇంటర్మీడియెట్‌లో మంచి మార్కులు తెచ్చుకొన్నదనుకొందము. ఏప్రిల్‌లో ఫలితములు వచ్చును. ఊరివారు సంతోషింతురు. అంతలో జూన్, జూలై నెలలు వచ్చును. తండ్రి విత్తనపు కాయలకును, ఎరువులకును డబ్బు వెదకుచుండును. సరిగా అప్పుడే కుమార్తెను డిగ్రీ కళాశాలలో చేర్చుటకు కూడ డబ్బు కావలసివచ్చును. రెండు ఖర్చులును ఒకే నెలలో వచ్చిపడినప్పుడు ఏదియో యొకటి ఆగక తప్పదు. విత్తనము ఆగినచో ఇంటిల్లిపాదికి తిండి ఆగును. కావున ఆగునది సాధారణముగా చదువే. ఇందుకు ఆ తండ్రిని తప్పుపట్టుటకు వీలులేదు.

ఇట్టి బిడ్డలకొరకే ప్రతిభా ఉపకార వేతనములు ఏర్పడియున్నవి. అయినను, తెలివి చాలక కాదు, గడువు తేదీ తెలియక, కావలసిన కాగితము వేళకు అందక, పేరులో ఒక అక్షరము తేడాపడి అవి చేజారిపోవుట కలదు. మార్కులు తెచ్చుకొనుట విద్యార్థి పని. ఆ మార్కులు వేతనముగా మారి చేతికి వచ్చువరకు గల దారిలో ఊరి పెద్దల తోడ్పాటు కావలయును. ఆ దారి ఎట్టిదో, అందు పంచాయతీ సభ్యులు నిలువదగిన చోట్లు ఏవో ఈ వ్యాసమున వివరింపబడుచున్నవి.

వేతనము దానము కాదు

ఉపకార వేతనమును కొందరు బీదలకిచ్చు దానముగా భావింతురు. అది సరి కాదు. చదువగల శక్తియుండి, డబ్బు లేమిచేత ఆగిపోవు మనిషిని ఆగిపోకుండ చూచుకొనుట సమాజమునకే లాభము. అందుచేత ఇది సమాజము తన మేలుకొరకు పెట్టు పెట్టుబడి.

తెలుగు కుటుంబమున 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి విద్య యంతయు ఉపకార వేతనముల మీదనే సాగినది. ఆయన 1962లో రాష్ట్రపతి యైనారు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు వైద్యవిద్య ముగించి అమెరికాకు వెళ్లుటకు మామగారితోపాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పడినది. రక్తహీనతకును, అంటువ్యాధులకును, కాన్సరునకును నేడు వాడుచున్న కొన్ని మందుల వెనుక ఆయన పరిశోధన యున్నది.

డాక్టరు అంబేద్కర్ గారి సంగతి మరింత స్మరింపదగినది. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనముతో ఆయన అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లి చదివినారు. తరువాత ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులుగా నున్న కాలముననే, 1944లో, షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి చదువులకు ప్రభుత్వ ఉపకార వేతనములు ఆరంభమైనవి. ఒక వేతనము ఒక మనిషిని చదివించెను. ఆ మనిషి కృషి వేలాదిమందికి దారి చూపెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1961లో, కులముతో నిమిత్తము లేక మార్కులను బట్టి ఇచ్చు జాతీయ ఉపకార వేతన పథకమును భారత ప్రభుత్వము ప్రారంభించినది. గ్రామీణ ప్రాంతముల ప్రతిభావంతులకు మాధ్యమిక విద్యకై 1971-72లో వేరొక పథకము వచ్చినది. తరువాత పేర్లు మారినవి, నియమములు మారినవి. ఉద్దేశము మాత్రము అదే.

కేంద్ర ప్రభుత్వపు కళాశాలా వేతనము

నేడు మన గ్రామముల విద్యార్థులు ముఖ్యముగా తెలిసికొనవలసినది, కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థులకు కేంద్ర విద్యాశాఖవారు ఇచ్చు ఉపకార వేతనము. ఇది 2008లో ఏర్పడినది. ఇటీవల దీనిని ప్రధానమంత్రి ఉచ్చతర్ శిక్షా ప్రోత్సాహన్ అను పథకములో భాగముగ చేసినారు. దేశమంతటికిని కలిపి ఏటా 82,000 క్రొత్త వేతనములు ఏర్పరుపబడినవి. రాష్ట్రములయందలి యువజనుల సంఖ్యను బట్టి వీనిని పంచుదురు. ఇందు సగము బాలికలకు కేటాయింపబడినవి.

వేతన మెంత? డిగ్రీ మొదటి మూడు సంవత్సరములు ఏడాదికి 12,000 రూపాయలు, ఎం.ఎ., ఎం.ఎస్‌సి. వంటి పై చదువులకు ఏడాదికి 20,000 రూపాయలు. ఇంజనీరింగు వంటి నాలుగేండ్ల చదువులో నాలుగవ ఏట 20,000 రూపాయలు. ఈ లెక్కన డిగ్రీయు, పై రెండేండ్ల చదువును పూర్తిచేయు విద్యార్థికి మొత్తము 76,000 రూపాయలు చేరును. ఇంజనీరింగు చదువు విద్యార్థికి 56,000 రూపాయలు చేరును.

నెలకు వేయి రూపాయలు ఏపాటి అని అడుగువారు ఉండవచ్చును. 2024-25లో ఆంధ్రప్రదేశమున ఉపాధి హామీ పనికి రోజుకూలి 300 రూపాయలుగా నుండెను. ఆ లెక్కన 12,000 రూపాయలనగా నలుబది దినముల కూలి. బస్సు పాసునకు, పుస్తకములకు, పరీక్ష రుసుమునకు ఇంట అడుగవలసిన పనిలేకుండ ఒక విద్యార్థి నిలబడుటకు అది చాలవరకు చాలును. మరియొక సంగతి. ఆ డబ్బు తండ్రి ఖాతాలో కాక విద్యార్థి సొంత ఖాతాలో పడును. ఇంటర్మీడియెట్ కాగానే పెండ్లిమాట ఎత్తు ఇండ్లలో, ప్రభుత్వమే చదివించుచున్నదను మాట ఆ బాలికకు గొప్ప అండ యగును.

ఎవరు అర్హులు?

ఇంటర్మీడియెట్ బోర్డు పరీక్షలో తన విభాగమున ఉత్తీర్ణులైనవారి వరుసలో 80వ పర్సంటైలునకు పైన నుండవలెను. ఈ మాట చాలమందిని తికమకపెట్టుచున్నది. పర్సంటైలు అనగా మార్కుల శాతము కాదు. ఉత్తీర్ణులైన నూరుమందిని మార్కుల క్రమమున వరుసగా నిలబెట్టినచో, ముందరి ఇరువదిమందిలో నుండవలెనని దాని అర్థము. ప్రశ్నపత్రములు సులభముగా నున్న యేడు నూటికి 85 మార్కులు వచ్చినవారు సయితము ఆ ఇరువదిమందిలో చేరకపోవచ్చును. కఠినముగా నున్న యేడు 75 వచ్చినవారును చేరవచ్చును. కావున "మావానికి ఎనుబది రాలేదు, దరఖాస్తు ఎందుకు?" అని ముందే చేయి దులుపుకొనరాదు. ఆ గీతకు పైన నున్నవారందరికిని వేతనము వచ్చునని కూడ అనుకొనరాదు. రాష్ట్రమునకు వచ్చిన సంఖ్య మేరకు మార్కుల వరుసలో ఎంపిక జరుగును.

రెండవ తికమక, ఇది గణితము, విజ్ఞానశాస్త్రములు చదివినవారికే యనునది. అది పొరపాటు. సైన్సు, కామర్సు, ఆర్ట్సు విభాగములకు 3 : 2 : 1 నిష్పత్తిలో వేతనములు వేరువేరుగా పంచబడును. చరిత్ర, అర్థశాస్త్రము చదివిన విద్యార్థి తన విభాగమువారితోనే పోటీపడును. గ్రామములలోని ప్రభుత్వ జూనియరు కళాశాలలలో చదువు పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పవలెను. షెడ్యూల్డు కులములకు నూటికి 15, షెడ్యూల్డు తెగలకు ఏడున్నర, ఇతర వెనుకబడిన తరగతులకు 27 చొప్పున కేటాయింపు కలదు. ప్రతి వర్గమునను వికలాంగులకు నూటికి అయిదు కేటాయింపబడినవి.

కుటుంబపు వార్షికాదాయము నాలుగున్నర లక్షల రూపాయలకు మించరాదు. కళాశాలకు నిత్యము వెళ్లి చదువు చదువై యుండవలెను. దూరవిద్యకు ఈ వేతనము లేదు. కొంతకాలము క్రిందట ఆదాయ పరిమితి 8 లక్షలుగను, డిగ్రీ వేతనము 10,000 రూపాయలుగను ఉండెడివి. అవి మారినవి. ఇకముందును మారవచ్చును. కావున నిరుటి మాట విని నిర్ణయించుకొనక, ఏ యేటికి ఆ యేటి ప్రకటన చదువవలెను.

రెండింటిలో ఒకటి

ఇచట ఒక ముఖ్యమైన నియమము కలదు. ఈ వేతనము పొందువారు మరియొక ప్రభుత్వ ఉపకార వేతనమును గాని, ఫీజు మినహాయింపును గాని, ఫీజు చెల్లింపును గాని పొందరాదు. ఆంధ్రప్రదేశమున 2008 నుండి ఫీజు చెల్లింపు పథకము వేరువేరు పేర్లతో అమలగుచు వచ్చినది. రెండింటికిని దరఖాస్తు పెట్టినచో ఒకటి తిరస్కరింపబడును. ఒక్కొక్కప్పుడు చెల్లించిన సొమ్మును తిరిగి కట్టవలసి వచ్చును.

కావున దరఖాస్తునకు ముందే లెక్క వేసికొనవలెను. ఏడాదికి ముప్పది, నలుబది వేల రూపాయల ఫీజు గల ఇంజనీరింగు కళాశాలలో చేరినవానికి ఫీజు చెల్లింపే లాభకరము. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో స్వల్పమైన ఫీజుతో చదువువానికి 12,000 రూపాయల ప్రతిభా వేతనము మేలు కావచ్చును. అయితే ఫీజుతోపాటు వసతి ఖర్చు కూడ రాష్ట్రమునుండి వచ్చు విద్యార్థికి ఆ మొత్తమును కూడ కలిపి చూడవలెను. ఆదాయ పరిమితివలన రాష్ట్ర పథకమునకు వెలియైన కుటుంబములకు, రాష్ట్రము వెలుపల చదువువారికి కేంద్ర వేతనమే ఆధారము. ఈ లెక్క కష్టమైనది కాదు. కళాశాలలో ఉపకార వేతనముల పని చూచు గుమాస్తాను అడిగి, కాగితము మీద రెండు అంకెలు ప్రక్కప్రక్కన వ్రాసికొన్న చాలును. వ్రాసి చూచువారు ఇంట లేనప్పుడు చదువుకొన్న వార్డు సభ్యు డెవరైనను ఆ సాయము చేయవచ్చును.

మరికొన్ని మార్గములు

ఎనిమిదవ తరగతినుండియే ఈ దారి ఆరంభమగును. 2008లో ప్రారంభమైన జాతీయ ప్రతిభా - ఆర్థిక ఉపకార వేతన పథకము క్రింద ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న పిల్లలకు ఒక పరీక్ష పెట్టుదురు. ఇందు ఆలోచనా సామర్థ్యమునకు తొంబది ప్రశ్నలు, పాఠ్యవిషయములకు తొంబది ప్రశ్నలు ఉండును. నెగ్గినవారికి తొమ్మిదినుండి పన్నెండవ తరగతివరకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున నాలుగేండ్లలో 48,000 రూపాయలు చేరును. కుటుంబాదాయము మూడున్నర లక్షలకు మించరాదు. మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల పిల్లలు దీనికి అర్హులు. అయితే పదవ తరగతిలో నూటికి 60 మార్కులు, షెడ్యూల్డు కులములు, తెగలవారైనచో 55 మార్కులు తెచ్చుకొన్ననే పై రెండేండ్ల వేతనము సాగును. పదవ తరగతి తరువాత ప్రభుత్వ సహాయము లేని ప్రయివేటు కళాశాలలో చేరినవారికి ఇది నిలిచిపోవును. ఈ సంగతి చేరక ముందే తలిదండ్రులకు తెలియవలెను.

పదవ తరగతి మార్కులే ప్రతిభకు కొలతగా గ్రామీణ బాలబాలికలకు ఆరేండ్ల ఇంజనీరింగు చదువు చెప్పుటకు 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. మన జిల్లాకు పొరుగున, కడప జిల్లా ఇడుపులపాయలో దాని విద్యాలయ మొకటి యున్నది. వసతిలేని ప్రభుత్వ పాఠశాలలలో చదివిన పిల్లలకు ప్రవేశపు లెక్కలో కొంత అదనపు విలువ కలుపుట ఆ సంస్థ ప్రత్యేకత. ఇంతకుముందును ఈ సీమలో ఇట్టి ప్రయత్నములు జరిగినవి. 1972లో హిందూపురము ప్రాంతపు కొడిగెనహళ్లిలో ప్రతిభగల గ్రామీణ బాలురకు గురుకుల పాఠశాలయు, అదే సంవత్సరము స్వాతంత్ర్య రజతోత్సవ చిహ్నముగా కర్నూలులో సిల్వరు జూబిలీ కళాశాలయు వెలసినవి.

ఇంటర్మీడియెట్‌లో బోర్డు మొత్తముమీద ముందరి నూటికి ఒకరిలో నిలిచి, బి.ఎస్‌సి. వంటి మౌలిక విజ్ఞాన శాస్త్రముల చదువులో చేరువారికి కేంద్ర విజ్ఞాన శాఖ 2008లో ఇన్‌స్పైర్ అను వేతనమును ఏర్పరచినది. ఇది సంవత్సరమునకు 80,000 రూపాయలు. అందు 60,000 విద్యార్థి ఖర్చులకు, 20,000 వేసవిలో ఒక శాస్త్రజ్ఞునివద్ద చేయు పనికి. దీనికి ఆదాయ పరిమితి పెట్టలేదు. సాంకేతిక విద్యామండలి ఏర్పరచిన ప్రగతి అను వేతనము పాలిటెక్నిక్ డిప్లొమాలోను, ఇంజనీరింగు డిగ్రీలోను చేరిన బాలికలకు ఏడాదికి 50,000 రూపాయలు ఇచ్చును. ఒక కుటుంబమున ఇద్దరు బాలికలవరకు దీనిని పొందవచ్చును. ఆదాయ పరిమితి 8 లక్షల రూపాయలు.

ప్రభుత్వేతర సహాయమునకు అనంతపురమే చక్కని ఉదాహరణ. విన్సెంటు ఫెర్రర్ గారు 1969లో ఇచట స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పేద యిండ్లలోని ప్రతిభావంతుల పై చదువులకు తోడ్పడుచు వచ్చినది.

వేతనము ఎచట చేజారును?

కేంద్ర వేతనములకు దరఖాస్తు జాతీయ ఉపకార వేతనముల పోర్టల్‌లో పెట్టవలెను. ఇందుకు రుసుము లేదు. ముందు విద్యార్థి తన ఆధార్ సంఖ్యతో నమోదు సంఖ్య తీసికొనును. తరువాత వివరములు నింపి పంపును. పంపినంతమాత్రమున పని ముగిసినదని అనుకొనుట పెద్ద పొరపాటు. ఆ దరఖాస్తును మొదట కళాశాలవారు చూచి నిజమని ధ్రువపరుపవలెను. పిమ్మట రాష్ట్రస్థాయిలో మరల పరిశీలింపబడును. ఆ తరువాతనే సొమ్ము విద్యార్థి ఖాతాకు చేరును. కళాశాలవారి పరిశీలనకు వేరుగా గడువు కలదు. విద్యార్థి గడువులోగా పంపినను, కళాశాలలో నెవరును దానిని చూడక గడువు దాటినచో దరఖాస్తు అచటనే నిలిచిపోవును. కావున పంపిన వారము దినములలో కళాశాలకు వెళ్లి, ధ్రువీకరణ జరిగినదా అని అడుగవలెను.

ఇక కాగితములలో వచ్చు చిక్కులు నాలుగు. మొదటిది పేరు. పదవ తరగతి పత్రమున ఇంటిపేరు పూర్తిగా నుండును. ఆధార్‌లో పొడి అక్షరము మాత్రమే యుండును. యంత్రమునకు ఆ రెండును ఇద్దరు మనుష్యుల పేర్లు. రెండవది ఆదాయ ధ్రువపత్రము. తహశీలుదారు కార్యాలయమునుండి అది రావలెను. చివరి వారమున అందరును ఒకేమారు అడిగినచో ఆలస్యము తప్పదు. మూడవది బ్యాంకు ఖాతా. ఖాతా విద్యార్థి పేరనే యుండి, ఆధార్‌తో జతపడి, వాడుకలో నుండవలెను. రెండు మూడు ఖాతాలున్నవారికి, చివరిసారి ఆధార్ జతచేసిన ఖాతాలోనే సొమ్ము పడును. తెలియనివారు వేరొక పుస్తకము చూచుకొని రాలేదని అనుకొందురు.

నాలుగవది ఫోను. ఇది మన కరువుసీమకు ప్రత్యేకమైన చిక్కు. ఇంటిలో ఆధార్‌తో జతపడిన ఫోను తరచుగా తండ్రివద్ద నుండును. పంట పోయిన యేడు తండ్రి పనికై బెంగుళూరు వెళ్లును. దరఖాస్తు నింపునప్పుడు వచ్చు రహస్య సంఖ్య బెంగుళూరులో మ్రోగును. విద్యార్థి గార్లదిన్నెలో ఎదురుచూచుచుండును. కావున వలస వెళ్లుటకు ముందే విద్యార్థి ఆధార్‌నకు విద్యార్థి సంఖ్యనే జతపరచుకొనవలెను. ఆ రహస్య సంఖ్యను ఇతరులకు చెప్పరాదనియు, వేతనము ఇప్పింతునని డబ్బడుగువారిని నమ్మరాదనియు పిల్లలకు గట్టిగా చెప్పవలెను.

మొదటి యేడు గడచిన పిమ్మట వేతనము తనంతట తాను కొనసాగదు. ప్రతి సంవత్సరము మరల దరఖాస్తు పెట్టవలెను. ఏటి పరీక్షలో నూటికి 50 మార్కులు, తరగతులలో నూటికి 75 హాజరు ఉండవలెను. ఈ హాజరు నియమము మెట్టరైతు ఇంట పెద్ద పరీక్ష. అక్టోబరు, నవంబరులలో వేరుసెనగ చెట్లు పెరుకుటకు కూలీలు దొరకరు; దొరికినను కూలి ఎక్కువ. కళాశాలలో నున్న కుమారుని పది దినములు పిలిపింతురు. ఆ పది ఇరువదియగును. మిగిలిన కూలి ఆరువేల రూపాయలైనను, హాజరు తగ్గిపోయిన వేతనము పన్నెండువేలు. ఆ రెండు అంకెలను తలిదండ్రుల ఎదుట ఉంచవలెను. ఇంటి పని అవసరమే. ఆదివారములును, సెలవులును దానికి వాడుకొని, తరగతులు పోకుండ చూచుకొనుట అంతకంటె లాభకరము.

పంచాయతీ ఏమి చేయవచ్చును?

వేతనము మంజూరు చేయు అధికారము పంచాయతీకి లేదు. సర్పంచి సిఫార్సు ఉత్తరమునకు ఇందు విలువ లేదు; ఉండకూడదు కూడ. ఎంపిక మార్కులను బట్టియే జరుగును. అయినను 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ప్రాథమిక, మాధ్యమిక విద్యయు, గ్రంథాలయములును ఉన్నవి. ఊరి పిల్లల చదువు పంచాయతీకి సంబంధించిన పనియే. డబ్బు ఖర్చు లేకుండ చేయదగిన పనులు అయిదు కలవు.

మొదటిది, ఒక పుస్తకము పెట్టుట. ఏప్రిల్‌లో ఫలితములు రాగానే, ఊరిలో ఎనిమిది, పది, ఇంటర్మీడియెట్ తరగతుల పిల్లల పేర్లు, మార్కులు, ఇంటర్మీడియెట్‌వారైనచో చదివిన విభాగము, చేరదలచిన కళాశాల అందులో వ్రాయవలెను. వార్డు సభ్యులు ఒక్కొక్కరు తమ వార్డు ఇండ్లకు వెళ్లినచో రెండు సాయంకాలములలో ఈ పని ముగియును. మార్కులు తక్కువ వచ్చిన పిల్లల పేర్లు గ్రామమున చదివి అవమానింపరాదు. పుస్తకము పనికొరకే గాని ప్రదర్శనకు కాదు.

రెండవది, మే నెలలోనే కాగితములు సిద్ధపరుచుట. విత్తనపు పని మొదలైన పిమ్మట రైతునకు కార్యాలయముల చుట్టు తిరుగుటకు తీరిక యుండదు. పుస్తకములో పేరున్న ప్రతి యింటివారిని ఆదాయ, కుల ధ్రువపత్రములు, ఆధార్‌లో పేరు సవరణ, బ్యాంకు ఖాతా - ఈ నాలుగును వానలు పడక ముందే చూచుకొనుమని చెప్పవలెను.

మూడవది, గడువు తేదీని చాటుట. పంచాయతీ కార్యాలయపు పలక మీద, బడివద్ద, పాలకేంద్రమువద్ద పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. గ్రామమున చాటింపు వేయించు అలవాటు నేటికిని పోలేదు. పన్ను వసూలునకు వేయించు చాటింపును చదువునకు కూడ వేయింపవచ్చును.

నాలుగవది, ఇదివరకే వేతనము పొందిన విద్యార్థులను పిలిచి, క్రొత్తవారికి ప్రక్కన కూర్చుండి దరఖాస్తు నింపించుట. అధికారి చెప్పినదానికంటె, నిరుడు తానే చేసిన పిల్ల చెప్పినది తొందరగా అర్థమగును.

అయిదవది, కొనసాగింపు సంగతి విచారించుట. గ్రామసభ జరిగినప్పుడు, ఈ యేడు ఎందరు దరఖాస్తు పెట్టిరి, ఎందరికి వచ్చినది, రానివారికి ఎచట ఆగినది అను మూడు ప్రశ్నలు అడిగి, సమాధానములు పుస్తకమున వ్రాయవలెను. అట్లు రెండేండ్లు వ్రాసినచో తప్పు ఎచట జరుగుచున్నదో ఊరికే తెలిసిపోవును. పేరు సవరణలలోనే ఆగుచున్నచో ఒక తీరు. కళాశాల పరిశీలనలోనే ఆగుచున్నచో వేరొక తీరు. ఆ కళాశాల ప్రధానాచార్యునకు సభ తరఫున ఒక వినతిపత్రము పంపిన చాలును.

ఈ పనులలో ఒక జాగ్రత్త ముఖ్యము. మన సీమ గ్రామములలో పక్షములు కలవు, పట్టింపులు కలవు. ఎన్నికలలో ఎదుటి పక్షమువాని ఇంటి బిడ్డ యని పుస్తకమున పేరు వదలిపెట్టుట గాని, గడువు తేదీ చెప్పకుండుట గాని జరుగరాదు. ఎన్నిక అయిదేండ్లకు మరల వచ్చును. డిగ్రీ మొదటి సంవత్సరమున పోగొట్టుకొన్న వేతనము ఆ బిడ్డకు మరల రాదు.

ఇల్లూరు చెప్పు పాఠము

ఈ గార్లదిన్నె మండలములోని ఇల్లూరు గ్రామముననే 1913లో నీలం సంజీవరెడ్డి గారు జన్మించినారు. 1956లో ఆంధ్రప్రదేశమునకు మొదటి ముఖ్యమంత్రిగను, 1977లో భారత రాష్ట్రపతిగను ఆయన ఎన్నికైనారు. ఆయనను మదరాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజ పాఠశాలకును, పిమ్మట అనంతపురము ప్రభుత్వ కళాశాలకును పంపి చదివింపగల స్తోమత ఆ కుటుంబమునకు ఉండినది. స్వాతంత్ర్య పోరాటము పిలిచినప్పుడు ఆయన తానుగా చదువు విడిచినారు. తానుగా విడుచుట వేరు. గతిలేక విడుచుట వేరు. ఇల్లూరులోను, పెనకచెర్లలోను, కల్లూరులోను నేడు చదువుచున్న బిడ్డలలో ఎందరికి ఆ స్తోమత యున్నదో ఆయా పంచాయతీల సభ్యులకు తెలియును.

చదువుకొనుటకు చోటు లేదనుటకు వీలులేదు. 1916లో ఏర్పడిన ప్రభుత్వ కళాశాల, 1946 నాటి ఇంజనీరింగు కళాశాల, 1981లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, 2018లో ఆరంభమైన కేంద్రీయ విశ్వవిద్యాలయము అనంతపురముననే యున్నవి. గార్లదిన్నెనుండి బస్సెక్కిన బిడ్డ ఉదయము వెళ్లి సాయంకాలము ఇల్లు చేరగలదు. ఆ బస్సు పాసునకు, ఆ పుస్తకములకు కావలసిన సొమ్ము ఏర్పాటును ప్రభుత్వము చేసియున్నది. మిగిలినది మధ్యలోని దారి.

వానను మనము రప్పింపలేము. వచ్చిన నీటిని చెరువునకు చేర్చు కాలువలో పూడిక తీయగలము. ఉపకార వేతనము విషయమున పంచాయతీ పని అంతకంటె భిన్నము కాదు. ఈ మే నెలలో ఒక నోటుపుస్తకము కొని, మొదటి పుటలో మీ వార్డులోని ఒక్క విద్యార్థి పేరు వ్రాయుటతో ఆ పూడికతీత ఆరంభమగును.